డెల్టా రాత్రుల్లో కంప్యూటర్‌కు స్లీప్ చాలదు

రాత్రి పడుకునే ముందు ఇంట్లోని కంప్యూటర్‌ను పూర్తిగా ఆపాలా, స్లీప్‌లో ఉంచాలా అన్న ప్రశ్నకు సమాధానం కంప్యూటర్‌ను చూసి చెప్పేది కాదని, ఆ ఇంటికి వచ్చే కరెంటును చూసి చెప్పాల్సినదని నా అభిప్రాయం. కరెంటు పోగానే జనరేటర్ అందుకునే నగరపు అపార్ట్‌మెంటులో ఉన్నవారు స్లీప్ చాలునంటే అది వారికి నిజమే. గోదావరి డెల్టాలో పాలకొల్లు, నరసాపురం, అమలాపురం చుట్టుపక్కల, కొబ్బరి తోటల మధ్య నుంచి తీగలు వచ్చే ఊళ్లలో ఉన్న మనం అదే మాటను తెచ్చుకుని పాటించడం సరికాదు.

స్లీప్‌లో జరిగేది ముందు చూద్దాం. ప్రాసెసర్, డిస్కు, ఫ్యాన్లు ఆగిపోతాయి. పని జరుగుతున్నప్పుడు సమాచారాన్ని తాత్కాలికంగా దాచుకునే ర్యామ్‌కు మాత్రం కరెంటు అందుతూనే ఉంటుంది. తెరిచి ఉంచిన ఫైళ్లు, సగం రాసిన ఉత్తరం, బ్రౌజర్ ట్యాబులు అన్నీ ఆ ర్యామ్‌లోనే ఉంటాయి. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక అతి చిన్న కెపాసిటర్‌లో నిలిపిన విద్యుదావేశం. అది దానంతట అదే తగ్గిపోతూ ఉంటుంది కనుక సుమారు 64 మిల్లీసెకన్లకు ఒకసారి దాన్ని తిరిగి నింపాలి. అంటే కరెంటు నిజంగా పోయిన మరుక్షణంలోనే ఆ సమాచారమంతా పోతుంది. రెప్పపాటు పోయి వచ్చే కరెంటుతో ఇబ్బంది లేదు, స్లీప్‌లో లోడు చాలా తక్కువ కనుక గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చే ఎస్ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు అంతమాత్రం నెట్టుకొస్తాయి. రెండు నిమిషాలు పోతే మాత్రం సేవ్ చేయనిది ఏదీ మిగలదు. డిస్కు మీదికి అప్పటికే చేరినదానికి సాధారణంగా ప్రమాదం ఉండదు.

ఇక్కడ రాత్రిపూట ఆ రెండు నిమిషాలు పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఈదురుగాలికి ఎండిన కొబ్బరి మట్ట తీగల మీద పడితే చాలు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల్లో నీటిలోని ఆక్సిజన్ రాత్రి గడిచేకొద్దీ తగ్గిపోతుంది కనుక నీటిలోకి గాలిని కలిపే ఏరియేటర్లు తెల్లవారేదాకా తిరుగుతూనే ఉంటాయి. అన్ని మోటార్లు ఒక్కసారి అందుకున్నప్పుడు ఊళ్లో వోల్టేజీ తగ్గడం బల్బును చూస్తేనే తెలుస్తుంది. పట్నంలో అందరూ ఏసీలు వేసుకుని పడుకునే వేళ ఇక్కడ చెరువుల గట్ల మీద పని జోరుగా సాగుతుంది. ఆ రొయ్యలే మన ప్రాంతానికి బతుకుతెరువు కనుక దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మన కంప్యూటర్ అలవాటును దానికి తగ్గట్టు మార్చుకోవాలని మాత్రమే చెబుతున్నాను.

యూపీఎస్ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒక్కటే ఉంటుంది. కంప్యూటర్ స్లీప్‌లో ఉండి మూడు వాట్లే తీసుకుంటున్నా, యూపీఎస్ తన సర్క్యూట్‌ను నడపడానికి అంతకంటే చాలా ఎక్కువ ఖర్చు చేస్తుంది. పైగా కొన్ని యూపీఎస్‌లు లోడు మరీ తక్కువగా ఉంటే తమకు ఏదీ తగిలించి లేదనుకుని, బ్యాటరీ ఆదా కోసం కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. రాత్రంతా బ్యాటరీని అడుగంటా లాగించడం లెడ్-యాసిడ్ బ్యాటరీకి మంచిది కాదు కూడా. యూపీఎస్ ఉన్నది మనం మేలుకుని పని చేస్తున్నప్పుడు ఫైళ్లు సేవ్ చేసుకుని ఆపుకోవడానికి. తెల్లవార్లూ కాపలా కాయడం దాని పని కాదు. పెద్ద ట్యూబులర్ బ్యాటరీతో నడిచే ఇంటి ఇన్వర్టర్ ఉన్నవారి పరిస్థితి మెరుగే. అయితే కంప్యూటర్ ఆ లైనులో ఉంటే ఇన్వర్టర్ మీద ఉండే స్విచ్చును యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే సమయం పని చేస్తున్న కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయడానికి సరిపోవచ్చు.

బిల్లు సంగతి చూస్తే లెక్క తేలికే. డెస్క్‌టాప్‌ను మానిటర్ మాత్రం ఆపి రాత్రి ఎనిమిది గంటలు ఊరికే వదిలితే, 50 వాట్ల లెక్కన, నెలకు 12 యూనిట్లు అవుతుంది. స్లీప్‌లో మూడు వాట్ల లెక్కన నెలంతటికీ ముప్పావు యూనిట్ కూడా కాదు. పూర్తిగా ఆపినా ప్లగ్గు ఉన్నంతసేపు ఎస్ఎంపీఎస్ కొద్దిపాటి కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. కాబట్టి స్లీప్‌కూ షట్‌డౌన్‌కూ తేడా నెలకు అర యూనిట్. ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి బిల్లు కారణం కానవసరం లేదు.

మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. "స్లీప్‌లో పెడితే పొద్దున్నే ఎక్కడ ఆపానో అక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు కదా మావయ్యా" అన్నాడు. ఆ సౌకర్యం కావాలనుకోవడంలో తప్పు లేదు. దాన్ని వదులుకోకుండా కరెంటు భయం లేకుండా చేసేది హైబర్నేట్. ఇందులో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద ఒక ఫైలులోకి రాసి, ఆ తరువాత కంప్యూటర్ ఆగిపోతుంది. మర్నాడు ఆన్ చేస్తే ఆ ఫైలు తిరిగి ర్యామ్‌లోకి వస్తుంది, తెరిచి ఉంచినవన్నీ అలాగే కనిపిస్తాయి. మధ్యలో కరెంటు పోనీ, ప్లగ్గు పీకేయనీ, ఏమీ కాదు. తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, అంటే ఎస్ఎస్‌డీ, ఉన్న కంప్యూటర్లలో లేవడానికి స్లీప్ కంటే కొన్ని సెకన్లే ఎక్కువ పడుతుంది. విండోస్‌లో ఇది మెనూలో సాధారణంగా కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో నిర్ణయించే పేజీలో హైబర్నేట్ దగ్గర టిక్కు పెట్టాలి.

రోజూ అంత సమాచారం రాస్తే ఎస్ఎస్‌డీ అరిగిపోదా అన్న అనుమానం సహజమే. రాత్రికి నాలుగు జీబీ రాస్తే ఏడాదికి ఒకటిన్నర టెరాబైటు అవుతుంది. 500 జీబీ ఎస్ఎస్‌డీలకు తయారీదారులు సాధారణంగా 150 నుంచి 300 టెరాబైట్ల దాకా రాతకు హామీ ఇస్తారు. ఆ డిస్కు ఈ కారణంగా పోయే ముందు కంప్యూటరే పాతబడిపోతుంది.

డెస్క్‌టాప్‌లలో హైబ్రిడ్ స్లీప్ అని ఇంకొకటి ఉంది. ర్యామ్‌కు కరెంటు ఇస్తూనే, డిస్కు మీద కూడా ఒక ప్రతి రాసి ఉంచుతుంది. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు అది చక్కగా పనికివస్తుంది. రాత్రికి మాత్రం నేను దాన్ని వాడను, ఎందుకంటే కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని మదర్‌బోర్డులు బయోస్‌లోని (విండోస్ కంటే ముందు మొదలై కంప్యూటర్‌ను సిద్ధం చేసే ప్రోగ్రాములోని) సెట్టింగును బట్టి కంప్యూటర్‌ను వాటంతట అవే ఆన్ చేస్తాయి. అందరూ నిద్రపోతున్న ఇంట్లో రెండు గంటలకు మొదలై, వోల్టేజీ ఎగుడుదిగుళ్ల మధ్య నడుస్తూ ఉండటం కంప్యూటర్‌కు మేలు చేయదు. ఆ సెట్టింగును ఆఫ్‌లో ఉంచడం ఎవరికైనా మంచిదే.

పిడుగుల సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిన సాయంత్రాలు కమ్ముకొచ్చే మబ్బుల ముందు స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్ మూడూ సమానమే. షట్‌డౌన్ చేసిన కంప్యూటర్‌లో కూడా ఎస్ఎంపీఎస్ తీగలకు తగిలించి ఉన్నంతకాలం బయటి నుంచి వచ్చే అధిక వోల్టేజీకి దారి తెరిచే ఉంటుంది. గోడ స్విచ్చు ఆపితే చాలునని అనుకుంటారు గానీ, అది సాధారణంగా ఫేజ్ తీగను మాత్రమే తెంచుతుంది; న్యూట్రల్ అలాగే ఉంటుంది. ప్లగ్గు పీకడం ఒక్కటే నమ్మదగిన పని. దానితో పాటు రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే ల్యాన్ కేబుల్‌ను కూడా తీయాలి. ఇంటికి వచ్చేది ఫైబర్ అయితే గాజు తీగలోంచి కరెంటు రాదు గానీ, ఆ ఫైబర్ చేరే పెట్టెకు కరెంటు ఇచ్చే అడాప్టరు, అక్కడి నుంచి వచ్చే రాగి కేబులు ఉన్నాయి కదా. ఇదంతా ఉరుములు దగ్గరపడక ముందే చేయాలి. నెత్తిన ఉరుముతున్నప్పుడు ప్లగ్గుల దగ్గర చేతులు పెట్టకూడదు. విపత్తు నిర్వహణ సంస్థ పంపే పిడుగు హెచ్చరికలు, పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వారి దామిని యాప్ ఇందుకు బాగా ఉపయోగపడతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం మాట వినబడితే నేను షట్‌డౌన్ చేసి, తీగలన్నీ తీసి, కంప్యూటర్‌ను నేల నుంచి ఎత్తులో పెడతాను. 1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలం చేసిన తుఫానును చూసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో చెప్పనక్కర్లేదు. గాలి ఆగాక కరెంటు వచ్చిన వెంటనే కూడా తొందరపడకూడదు. మొదటి కొన్ని గంటలు అది వస్తూ పోతూ ఉంటుంది.

షట్‌డౌన్ గురించి ఒక విషయం చాలామందికి తెలియదు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల, షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూసుకుపోయినా, విండోస్ తన కెర్నల్ భాగాన్ని, అంటే అన్నిటినీ నడిపించే మూల భాగాన్ని, హైబర్నేట్ చేసుకుంటుంది. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ (విండోస్ కొత్తగా మొదలైనప్పటి నుంచి గడిచిన సమయం) రోజుల తరబడి పెరుగుతూ కనిపించేది అందుకే. కంప్యూటర్ మందగించినప్పుడు, ప్రింటరు మొరాయించినప్పుడు రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా మొదలవుతుంది. రోజూ హైబర్నేట్ చేసేవారు వారానికి ఒకసారైనా రీస్టార్ట్ చేయాలి; అప్‌డేట్లు కూడా అప్పుడే పూర్తవుతాయి.

ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది కనుక కరెంటు పోయినా స్లీప్‌లో ఉన్న పనికి ముప్పు లేదు. అయితే కొత్త ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అంటే పూర్తి నిద్ర కాదు. మోడ్రన్ స్టాండ్‌బై అనే పద్ధతిలో నెట్‌కు కలిసే ఉండి, మధ్యమధ్య లేచి పనులు చేసుకుంటాయి. మూత మూసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ పొద్దునకు వేడెక్కి, చార్జింగ్ తగ్గి కనిపించడానికి ఇదే ముఖ్య కారణం. రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్లే పిల్లలు బ్యాగులో పెట్టుకునే ముందు దాన్ని కూడా హైబర్నేట్ చేసుకుంటే మంచిది.