తిరుప్పావై సంథ ఫోన్‌లోకి వచ్చిన వైనం: నా అనుభవం

మా గోష్ఠి, అంటే కలిసి పారాయణ చేసే బృందం, విశాఖపట్నం గోపాలపట్నంలో. ఏటా ధనుర్మాసం నెల రోజులూ తెల్లవారుజామున ఎవరో ఒకరింట్లో చేరి తిరుప్పావై, అంటే ఆండాళ్ తమిళంలో పాడిన ముప్ఫై పాశురాలు (పద్యాలు), చెప్పుకుంటాం. ఒకప్పుడు అందరం నడిచి వచ్చేంత దూరంలోనే ఉండేవాళ్లం. ఇప్పుడు ఒకరు మధురవాడ, ఒకరు గాజువాక, ఇద్దరు అనకాపల్లి. పెద్దవాళ్లు ఆ చలిలో ఆటో ఎక్కి రాలేరు. "పాశురాలు ఫోన్‌లో పెట్టమ్మా, ఇంట్లోనే చెప్పుకుంటాం" అన్నారు. డాబాగార్డెన్స్‌లో ఏళ్ల తరబడి డీటీపీ పని చేస్తున్నదాన్ని, ముప్ఫై పాశురాలు ఎంతసేపు అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

గోష్ఠి పుస్తకం ఫైలు నా దగ్గరే ఉంది కానీ, అది యూనికోడ్‌కి (ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతికి) ముందు నాటి ఫాంట్‌లో ఉంది. ఫోన్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. యూనికోడ్‌లోకి మారుస్తే ఒత్తులు చెదిరిపోయాయి. తెలుగు మాటలో ఒత్తు తప్పితే చదివేవాళ్లే సరిచేసుకుంటారు, తమిళ పాశురంలో తప్పితే ఆ తప్పే నోటికి వచ్చేస్తుంది. అందుకే పాశురానికి ఎనిమిది చొప్పున 240 పాదాలూ మళ్లీ టైప్ చేశాను.

ప్రింట్ తీసి మా స్వామి దగ్గరికి పట్టుకెళ్లాను. ఎనభైకి దగ్గరపడ్డారు, మాలో చాలామందికి సంథ చెప్పింది, అంటే పాశురాలు పలికించి నేర్పింది, ఆయనే. చూపు ఆనడం లేదు, చదివి వినిపించమన్నారు. "మార్గళి త్తింగళ్" అనగానే చెయ్యెత్తి ఆపేశారు.

"ఆ రెండూ ఒకటే ళ కాదమ్మా. మొదటిదానికి నాలుక వెనక్కి మడవాలి, అంగిలికి తగలకూడదు. రెండోదానికి తగలాలి. ఏదీ, మళ్లీ అను."

పదిసార్లు అనిపించారు. చిన్నప్పటి నుంచీ తప్పు పలుకుతున్నానని ఆ రోజే తెలిసింది. మనవైపు దొరికే చాలా పుస్తకాల్లో రెంటికీ ళ అనే వేస్తారు. నిజానికి ఆ మొదటి శబ్దానికి మన పాత శాసనాల్లోనే ఴ అనే అక్షరం ఉంది, 2014లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. "మార్గఴి త్తింగళ్ మది నిఱైంద నన్నాళాల్" అని సరిగ్గా రాస్తే మొదటి పాదంలోనే ఴ, ళ, ఱ మూడూ కనిపిస్తాయి. అలాగే అన్నీ దిద్దాను. తీరా పంపిస్తే పాత ఫోన్లలో ఴ ఉన్నచోటల్లా ఖాళీ డబ్బా! ఆ అక్షరం ఉన్న ఫాంట్ వెతికి, దాన్ని ఫైల్లోనే కలిపి పీడీఎఫ్ చేశాక అందరికీ కనిపించింది.

వ్యాఖ్యానాల జోలికి వెళ్లలేదు. స్కాన్ చేసిన పుస్తకాలు చాలామంది పంపారు కానీ, రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు వారసులదే. భగవంతుడి పని కదా అని ఇంకొకరి కష్టం తీసుకోవడానికి మనసొప్పలేదు.

అక్షరం కుదిరింది, పలకడమెలా? సంథ అంటే గురువు ఒకసారి చెబితే శిష్యులు రెండుసార్లు చెప్పాలి. మొదట స్వామి గొంతు ఏకబిగిన రికార్డు చేసి, పాదానికీ పాదానికీ మధ్య కంప్యూటర్‌లో ఖాళీ పెట్టాను. పెద్దవాళ్లకి అందలేదు. "రెండోసారి సగంలో ఉండగానే స్వామి తరువాతి పాదం అందుకుంటున్నారు" అన్నారు. ఖాళీ పెంచితే, చిన్న పాదాల దగ్గర ఊరికే కూర్చోవాల్సి వస్తోందన్నారు.

స్వామికి చెబితే, "కొయ్యడం అతికించడం వద్దు. నేను ఒకసారి పైకి చెప్పి, రెండుసార్లు మనసులో చెప్పుకుంటాను. ఆపకుండా తీసుకో" అన్నారు.

మళ్లీ మొదటి నుంచి. తెల్లవారుజామున నాలుగున్నరకి ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసి, చెమటలు కారుతుండగా ఎదురుగా కూర్చునేదాన్ని. సింహాచలం స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపిస్తే ఆ పాశురం మళ్లీ చెప్పాల్సిందే. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పాదం పైకి చెప్పి కళ్లు మూసుకునేవారు. పెదవులు కదలవు. తొడ మీద వేలు మాత్రం లయగా తాకుతూ ఉండేది. రెండుసార్లు పూర్తయ్యాక వేలు ఆగేది, తరువాతి పాదం వచ్చేది. ఆ నిశ్శబ్దం సరిగ్గా సరిపోయింది.

ఇంకో పెద్ద చర్చ తనియన్ మీద, అంటే పాశురాలకి ముందు చెప్పే స్తుతి శ్లోకం మీద. మాలో రెండు సంప్రదాయాలవాళ్లం ఉన్నాం: "శ్రీశైలేశ దయాపాత్రం" చెప్పేవాళ్లూ ఉన్నారు, "రామానుజ దయాపాత్రం" చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏది ముందు పెట్టినా రెండోవారి మనసు కష్టపడుతుంది. రెండూ విడి ఫైళ్లుగా పెట్టాం, రెండోది ఆ సంప్రదాయంలోని పెద్దాయన చేతే చెప్పించాం. అందరికీ ఒక్కటే అయిన "నీళాతుంగ" తనియన్‌తో పాశురాల ఫైలు మొదలవుతుంది.

మొన్న ధనుర్మాసంలో అనకాపల్లి అక్కయ్య రోజూ ఫోన్‌ని ఆండాళ్ పటం ముందు పెట్టుకుని సంథ చెప్పుకుంది. కూడారై నాడు, అంటే 27వ పాశురం రోజు, చక్కెర పొంగలి ఆరగింపు పెట్టి నాకు ఫోన్ చేసి, "మార్గఴి" అని పలికి వినిపించింది. నాలుక ఎక్కడా తగల్లేదు.

ఇప్పుడు తిరుప్పళ్ళియెఴుచ్చి, అంటే భగవంతుడికి పాడే తమిళ మేలుకొలుపు, మొదలుపెట్టాం. పదిలో ఆరు పాశురాలు అయ్యాయి. స్వామికి దగ్గు తగ్గాక మిగతా నాలుగూ తీయాలి.