విశాఖ నుంచి వియన్నాకు చవక టికెట్: నా అనుభవం

విశాఖ నుంచి యూరప్‌కి నేరుగా విమానం లేదు. అందుకే మనకి ఏ ఎయిర్‌లైన్ అనేదాని కన్నా ముందు ఎటు నుంచి వెళ్లాలో తేలాలి. అక్క వియన్నాలో ఉంటుంది. అమ్మను తీసుకెళ్లాలి, ఖర్చు చేతిలో ఉండాలి, అమ్మ మోకాళ్లు తట్టుకోవాలి.

ముందు మనసు లాగింది స్కూట్ అనే సింగపూర్ చవక ఎయిర్‌లైన్ వైపు. మన ఊరి నుంచే సింగపూర్‌కి విమానం ఉంది, 2025 జూన్ నుంచి సింగపూర్–వియన్నా సర్వీసు కూడా వచ్చింది. ఇంటి దగ్గర ఎక్కితే చాలు, హైదరాబాద్ వెళ్లే శ్రమ ఉండదు. అక్క కూడా అదే తీసుకోమంది. కానీ యూరప్ పడమర ఉంటే మనం నాలుగు గంటలు తూర్పుకి పోయి, అక్కడి నుంచి మళ్లీ పదమూడు గంటలకు పైగా పడమరకి రావాలి. ఒక్కదాన్నే అయితే ఎక్కేసేదాన్ని. ఇరుకు సీట్లో అన్ని గంటలు అమ్మను కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

రెండోది ఎయిర్ అరేబియా. హైదరాబాద్ నుంచి షార్జాకి నాలుగు గంటలు, అక్కడి నుంచి వియన్నాకి ఆరు గంటలు. మధ్యలో దిగి నాలుగడుగులు వేయొచ్చు.

ఈ రెండింటికన్నా తక్కువ ధర ఒక బుకింగ్ సైట్‌లో కనిపించింది. కింద చిన్న అక్షరాల్లో ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ అని ఉంది. అంటే వేర్వేరు కంపెనీల టికెట్లు పక్కపక్కన పెట్టి అమ్ముతున్నారు. మధ్య దేశంలో మనమే పెట్టె తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి, అందుకు ఆ దేశపు వీసా కావాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ కంపెనీలు బాధ్యత తీసుకోవు. ఎంత తగ్గినా పెద్దవాళ్లతో ఇలాంటి టికెట్ కొనొద్దని గట్టిగా చెబుతాను. హైదరాబాద్ నుంచి వియన్నా దాకా ఒకే బుకింగ్ ఉండాల్సిందే.

ఇక అసలు లెక్క. చవక కంపెనీలు ముందు చూపించేది సీటు ధర మాత్రమే. లగేజీ, నడవ పక్క సీటు, భోజనం అన్నీ కలిపి కాగితం మీద రాశాకే పోల్చాను. చివరికి ఎయిర్ అరేబియానే తీసుకున్నాను. పెట్టె బరువు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి, ఎయిర్‌పోర్టులో అయితే చాలా ఎక్కువ పడుతుంది. భోజనం కొనలేదు, పులిహోర కట్టుకున్నాం. వీల్‌చెయిర్ మాత్రం టికెట్‌తో పాటే అడిగి పెట్టాను.

హైదరాబాద్ దాకా విమానం వద్దనుకున్నాను. దేశీయ విమానాల్లో సాధారణంగా పెట్టెకి 15 కిలోలే, ఆ పైన ప్రతి కిలోకీ డబ్బు కట్టాలి. వందేభారత్‌లో ఆ బెంగ లేదు. పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో దిగాం, ఆ రాత్రి పిన్ని వాళ్లింట్లో పడుకున్నాం.

వీసా పని అంతకుముందే హైదరాబాద్‌లో అయింది. వియన్నా ఉన్న ఆస్ట్రియాతో పాటు చాలా యూరప్ దేశాలకు ఒకటే వీసా, దాన్ని షెంజెన్ వీసా అంటారు. 2024 జూన్ నుంచి దాని ఫీజు 90 యూరోలు, దానికి వీసా దరఖాస్తు సెంటర్ ఛార్జీలు అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి. దరఖాస్తుకు టికెట్ రిజర్వేషన్ కాగితం సరిపోయింది, టికెట్ డబ్బు మాత్రం వీసా చేతికొచ్చాకే కట్టాను. ఈలోగా ధర కాస్త పెరిగింది. చవక టికెట్ రద్దు చేస్తే తిరిగొచ్చేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి ఆ పెరిగింది నాకు భారంగా అనిపించలేదు.

సర్దేటప్పుడు అమ్మతో కొంచెం వాదన అయింది. బయటి దేశాల నుంచి వెళ్లేవాళ్లు పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. నెయ్యి డబ్బా, కోవా తీసేయించాను. మామిడిపండ్లకీ పచ్చి కరివేపాకుకీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అవీ ఆగిపోయాయి. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి మాత్రం గట్టిగా ప్యాక్ చేయించి తీసుకెళ్లాం.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటుంది. కంపెనీ తప్పు వల్ల విమానం బాగా ఆలస్యమైతే యూరప్ చట్టం ప్రకారం పరిహారం వస్తుంది, 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి అది 600 యూరోల దాకా ఉంటుంది. అయితే యూరప్ బయటి కంపెనీలకు ఇది అక్కడి నుంచి బయల్దేరే విమానాలకే వర్తిస్తుంది. తిరుగు ప్రయాణానికి ఆ రక్షణ ఉంది, వెళ్లేటప్పుడు లేదు. అందుకే వెళ్లేటప్పుడు షార్జాలో ఎక్కువ వ్యవధి ఉన్న కనెక్షన్ తీసుకున్నాను, వచ్చేటప్పుడు తక్కువ ఉన్నదానికి ఒప్పుకున్నాను.