లక్షల ఫైళ్లున్న ఫోల్డర్‌ని ఖాళీ చేయాలంటే

లినక్స్ సర్వర్‌లో లాగ్ ఫోల్డర్ లక్షల ఫైళ్లతో నిండిపోయాక, ఫైళ్లను తుడిచే 'ఆర్ఎం' కమాండ్ పక్కన, 'అన్నీ' అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెడితే పని జరగదు. షెల్ (మనం టైప్ చేసే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఆ ఫైళ్ల పేర్లన్నీ ఒకే కమాండ్‌లో పేర్చబోతుంది, కెర్నల్ (లినక్స్ మూలభాగం) పరిమితి దాటి "ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్" అని ఆగిపోతుంది. దానికి బదులు, షరతుల ప్రకారం ఫైళ్లను వెతికే 'ఫైండ్' కమాండ్ వాడండి. అందులో, ఫైల్ చివరిసారి మారి ఎన్ని రోజులైందో చూసే షరతు 'ఎంటైమ్'. 'ఎంటైమ్ +30' అంటే 30 రోజులు దాటినవే అనుకుంటాం గానీ, నిండని రోజుని అది లెక్కలోకి తీసుకోదు. అందుకే 31 రోజులు నిండినవే దొరుకుతాయి.

ముందు 'ఫైండ్'లోని 'ప్రింట్'తో జాబితా చూసుకోండి. 'డిలీట్' మాత్రం ఎప్పుడూ చివర్లోనే! షరతుల కంటే ముందు రాస్తే ఫోల్డర్ మొత్తం ఊడ్చుకుపోతుంది, బ్యాకప్ లేకపోతే ఇక అంతే.

తుడిచినా డిస్క్‌లో చోటు పెరగలేదా? ఏదో ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని ఇంకా తెరిచే ఉంచి ఉంటుంది. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే కమాండ్ 'ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1' దాన్ని పట్టిస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ని రీస్టార్ట్ చేయండి.