గాంధీ రోడ్డులో సింఫనీ గొడవ

నెలాఖరు కావడంతో పొద్దుటి నుంచీ లెక్కలతోనే సరిపోయింది. కందిపప్పు బస్తాల బిల్లు ఒకటి కనబడక మధ్యాహ్నం దాకా ఫైళ్లన్నీ తిరగేశాను. చివరికి చూస్తే పంచదార బిల్లుల మధ్య నక్కి కూర్చుని ఉంది. పగటి గురించి ఇంతకన్నా రాసేదేమీ లేదు. డైరీ తెరిచింది సాయంత్రం ఇళయరాజా సంగీతం మీద జరిగిన గొడవ కోసం.

గొడవ జరిగింది క్యాసెట్ అన్న కొట్టు దగ్గర. ఆ కొట్టులో క్యాసెట్లు అమ్మడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడక్కడ ఫోను కవర్లు, చార్జర్లు, రీచార్జీలు. పిలుపు మాత్రం మారలేదు. గోవిందరాజస్వామి గుడి వైపు వెళ్లే యాత్రికుల రద్దీ కాస్త పలచబడగానే అన్న లోపలి నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టూలు తెచ్చి వేస్తాడు. స్టూలు నాది. ఒక కుర్చీ డ్రైవరు మామది. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా వేలూరుకు ప్రైవేటు బస్సు నడిపి, మోకాళ్లు మొరాయించాక మానేసిన మనిషి. రెండో కుర్చీ ఎవరు ముందొస్తే వారిది.

ఈరోజు దాంట్లో మా మేనకోడలు కూర్చుంది. ఇక్కడి సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. ఫోను అద్దం పగిలిందని వచ్చి, పెట్టె ఒళ్లో పెట్టుకుని, "మామయ్యా, చెన్నైలో రాజా గారి కచేరీ ఉంది, ఏడింటికి టికెట్లు తెరుస్తారు" అంది. అంతే, మా అందరి ఇంటికి వెళ్లే వేళ దాటిపోయింది.

రాజా గారంటే మా దగ్గర ఇళయరాజా ఒక్కరే. 1976లో తమిళంలో మొదటి సినిమా చేసిన ఆయన, ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు రెండు భాషల్లోనూ దక్కారు. మిగతా తెలుగువాళ్లు ఒక బాణీతో ఒక్కసారి ప్రేమలో పడితే మేం రెండుసార్లు పడ్డాం. మామ బస్సులో చిత్తూరు దాకా తెలుగు పాటలు, చిత్తూరు దాటాక తమిళ పాటలు, అదీ ఏర్పాటు. ఒకే బాణీ చంద్రగిరిలో ఒక మాటతో ఎక్కి, కాట్పాడిలో ఇంకో మాటతో దిగేది. ముందు వచ్చింది ఏ భాషలో అన్న తగాదా నగరి, పుత్తూరు వైపు పెళ్లిళ్లలో సాంబారు చల్లారిపోయే దాకా సాగేది.

ఏడు కొట్టింది. అందరం ఫోన్లు పట్టుకున్నాం. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ, మీ ముందు ఇంతమంది ఉన్నారు, వేచి ఉండండి అంటుంది. తిరుపతి వాళ్లకు క్యూ కొత్తదా? సర్వదర్శనం, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం, ఆపైన సిఫారసు ఉత్తరాలతో బ్రేక్ దర్శనం, అన్నీ చూసిన ఊరు మాది. అయినా మేనకోడలు ఆరు రకాల టికెట్ల ధరల పట్టిక చదువుతుంటే నోట మాట రాలేదు. వేదికకు ఆనుకుని ఉన్న వరుసలకు నా జీతంలో పెద్ద ముక్క పోతుంది. చివరి గుంపులో నిలబడి, పక్కనున్న పెద్ద తెర మీద ఆయన్ను చూసుకోవడానికి కూడా తక్కువేమీ కాదు.

"దేవుడికే అన్ని లైన్లు ఉంటే రాజా గారికి ఆరు ఉండకూడదా?" అన్నాడు మామ.

"దేవుడి దగ్గర ఉచిత లైను కూడా ఉంది మామా" అన్నాను. దానికి జవాబు లేదు.

అప్పటిదాకా మాట్లాడని అన్న మెల్లగా అసలు పుల్ల వేశాడు. "ఇంత డబ్బు పోసి వెళ్తే, అక్కడ కొత్త పాటలు వాయిస్తే ఏం చేస్తారు?"

అన్న దృష్టిలో 1990ల సగం దాటాక వచ్చినవన్నీ కొత్తవే. వాటిలో బాణీ ఉంటుంది, మనుషులు ఉండరు అంటాడు. అరవై మంది వయొలిన్లు పట్టుకుని ఒకే గదిలో ఊపిరి బిగబట్టి వాయించిన దానికీ, ఒకరు కీబోర్డు ముందు కూర్చుని నొక్కిన దానికీ తేడా చెవికి తెలియదా అని వాదన. ఇందులో నిజం లేకపోలేదు. కానీ అన్న అసలు ధైర్యం ఆ చెవి కాదు, ఒక నోటుపుస్తకం. మాట పెరిగినప్పుడల్లా వెనక అరలోంచి దాన్ని తీస్తాడు.

అప్పట్లో జనం కావలసిన పాటల జాబితా కాగితం మీద రాసుకొచ్చేవారు. అన్న వాటిని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాడు. ఆ జాబితాలన్నీ ఈ పుస్తకంలో ఉన్నాయి, ప్రతి పాట పక్కన పెన్సిలుతో నిమిషాలు, సెకన్లతో సహా. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపుకు ముప్పై. ఆరు పాటలు ఎక్కాక నిమిషమో, ఇంకాస్తో మిగులుతుంది, ఏడోది పట్టదు. మిగతా కొట్లవాళ్లు ఆ చోటును ఖాళీగా వదిలేసేవారు, లేదంటే ఏడో పాటను చరణం మధ్యలో నరికేసేవారు. అన్న మాత్రం అక్కడ రాజా గారి నేపథ్య సంగీతపు ముక్క ఒకటి అతికించేవాడు. పుస్తకంలో దానికి పేరుండదు, "తోక" అని ఉంటుంది. వేణువు తోక, నలభై ఎనిమిది సెకన్లు. గిటారు తోక, నిమిషం పది. ఎవరూ అడిగింది కాదు, దానికి డబ్బు తీసుకున్నదీ కాదు. చిత్తూరు నుంచి వచ్చే ఒక స్కూలు టీచరుగారు పాటల కోసం కాదు, తోకల కోసమే క్యాసెట్ చేయించుకునేవారని ఈరోజు చెప్పాడు.

"అన్నా, వీటన్నిటికీ నువ్వు కట్టాల్సిన రాయల్టీ ఎంతో లెక్క వేయించుకో, అల్లుడు అకౌంటెంటే కదా" అని మామ నవ్వాడు.

ఆ నవ్వు మా అందరికీ 2017 నాటి నోటీసును గుర్తుచేసింది. తన అనుమతి లేకుండా కచేరీల్లో తన పాటలు పాడకూడదని రాజా గారు గాయకుడు ఎస్పీ బాలు గారికి లాయరు నోటీసు పంపిన సంగతి. ఈ ప్రాంతంలో అది మామూలు వార్త కాదు. బాలు గారు నగరిలో, శ్రీకాళహస్తిలో చదువుకున్నారు, ఇక్కడి ఎస్వీ ఆర్ట్స్ కళాశాలలో పీయూసీ చేశారు. ఆ వారం ఇదే కొట్టు ముందు రెండు జట్లయ్యాయి. న్యాయం చూస్తే రాజా గారి పక్షాన చాలా ఉంది. సినిమా పాటకు నిర్మాత ఒకసారి డబ్బు ఇచ్చేస్తే సరిపోతుందన్న పాత పద్ధతి వల్ల సంగీతకారులకు, కవులకు తర్వాత ఏమీ మిగిలేది కాదు. రాయల్టీలో వాళ్ల వాటా పోకుండా చట్టం సవరించడానికి 2012 దాకా పట్టింది. లెక్కలు రాసేవాడిగా నేను ఆ వాటా వైపే ఉంటాను. కానీ అభిమానికి లెక్క వేరు, ఇంట్లో అన్నదమ్ములు కోర్టుకెక్కినట్టు బాధపడ్డాడు. 2019లో రాజా గారి పుట్టినరోజు కచేరీలో బాలు గారు మళ్లీ పాడారు. మరుసటి ఏడాదికే బాలు గారు లేరు. ఆ మాట రాగానే నోటుపుస్తకం మూతపడింది.

మామ వాదన తేలిక. రాజా గారు ఏం చేసినా గొప్పదే. ఐదు జాతీయ అవార్డుల్లో రెండు తెలుగు సినిమాలకే వచ్చాయి కాబట్టి మనం నోరెత్తకూడదు. నిరుడు మార్చి 8న, అంటే 2025లో, లండన్‌లో ఆయన సొంత సింఫనీ, అంటే పెద్ద వాద్యబృందం కోసం పాశ్చాత్య పద్ధతిలో రాసిన సంగీతం, వినిపించారు కదా, ఎనభైరెండేళ్ల వయసుకు దగ్గరపడి ఆ పని చేసినవాడిని విమర్శించడానికి నువ్వెవరు అని అన్నను నిలదీశాడు.

"నువ్వు విన్నావా మామా ఆ సింఫనీ?"

"వినలేదు."

"నేనూ వినలేదు. మరి గొప్పదని నీకెలా తెలుసు?"

"బాగాలేదని నీకెలా తెలుసు?"

వినని సంగీతం మీద పావుగంట యుద్ధం నడిచింది. పక్క కొట్టు పూలమ్మాయి వచ్చి ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్లింది.

ఇక్కడ నా కోపం ఒకటుంది. లండన్ నుంచి తిరిగొచ్చాక రాజా గారు, ఈ సింఫనీని డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్లలో వినవద్దని, అంతమంది ఎదుట కూర్చుని వాయిస్తుంటేనే దాని అనుభవం తెలుస్తుందని అన్నారు. సంగీతపరంగా అందులో తప్పు పట్టలేను. కానీ తిరుపతిలో ఎనభై మంది వాద్యకారులు ఒక్కసారి వేదికెక్కిన కచేరీ నేను చూడలేదు. ఫోనులో వద్దంటే నా వంటివాడికి మిగిలేది టికెట్ల చక్రమే. ఆయన పాటలు మొదట మాకు అందింది గొప్ప యంత్రాల్లోనా? మామ బస్సులో డ్రైవరు తల మీద వేలాడే స్పీకర్లో ఇంజను రొదతో కలిసి విన్నాం. వీధి చివర టీ కొట్టు రేడియోలో, పాలు పొంగే చప్పుడులో విన్నాం.

మేనకోడలు నా మాటకు ఒప్పుకోలేదు. "పాటలో నాలుగు నిమిషాల్లో మాట, బాణీ పట్టుకుంటాయి, రొదలోనైనా వినబడతాయి. సింఫనీలో చాలా భాగం చప్పుడు కన్నా తక్కువగా ఉంటుంది మామయ్యా. బస్సులో వేస్తే ఇంజనే మిగులుతుంది" అంది. తర్వాత పెట్టె తెరిచి, ఫుట్‌పాత్ మీదే, శ్రుతి సరిచూసుకుని ఒక చిన్న ముక్క వాయించింది. చరణానికి ముందు వచ్చే వయొలిన్ భాగం. కిందికి జారుతుందనుకున్న స్వరం పక్కకు తిరిగి ఇంకో మెట్టు ఎక్కుతుంది. గుడి నుంచి వస్తున్న యాత్రికులు ఇద్దరు ఆగారు.

"1984, లేకపోతే 85" అన్నాడు అన్న, కళ్లు మూసుకునే.

"పదేళ్లు కూడా నిండని సినిమాలోది పెదనాన్నా."

అన్న కళ్లు తెరిచాడు. ఓడిపోతాడనుకున్నాను. "నువ్వు వాయించావు కాబట్టి అలా ఉంది తల్లీ, రికార్డులో అది కీబోర్డు" అన్నాడు. మనిషి మొండి, కానీ ఆ మాట కూడా అబద్ధం కాదు, రికార్డులో అది కీబోర్డే.

మేనకోడలు వదల్లేదు. త్యాగరాజస్వామికీ జర్మన్ స్వరకర్త బాహ్‌కూ అంకితమిస్తూ 1986లో రాజా గారు తెచ్చిన వాద్యసంగీతం ఎన్ని అమ్మావని అడిగింది. సగం అరలోనే ఉండిపోయాయని అన్న ఒప్పుకున్నాడు. పాటలు లేవేమిటని కొన్నవాళ్లు కూడా వాపసు తెచ్చారట. ఇప్పుడు ఈ పిల్ల తోటివారందరికీ అదే ప్రాణం. అంటే అన్న చెప్పే బంగారు కాలంలోనే ఆయన కొత్త పని ఇదే గాంధీ రోడ్డులో ధూళి పట్టింది.

రాత్రి నడిచి ఇంటికి వస్తూ ఆలోచించాను. నాకు తోచింది ఇది. కొత్త పాట తక్కువదా ఎక్కువదా అన్నది తేలాలంటే దాన్ని కనీసం పదిసార్లు వినాలి, ఆ పదిసార్లు ఇప్పుడు దానికి దక్కడం లేదు. క్యాసెట్‌లో నచ్చని పాట వస్తే ముందుకు తిప్పడానికి బ్యాటరీ ఖర్చు, అందుకని విని ఊరుకునేవాళ్లం. అలా వినగా వినగా నాలుగో పాట మొదటి పాటను మించిపోయేది. ఇప్పుడు వేలితో తోసేస్తే పోతుంది. నేనే ఎన్ని తోసేశానో. 2011లో వచ్చిన 'శ్రీరామరాజ్యం' పాటలు అన్నకు కూడా నోటికి వచ్చు. వాటిని కొత్తవాటి లెక్కలో వేయడు, అది వేరే సంగతి. ఏటా శ్రీరామనవమి పందిళ్లలో, పెళ్లి మండపాల్లో మైకులు అరిగేలా వేస్తారు కాబట్టి మనం అడగకుండానే అవి చెవిలో స్థిరపడ్డాయి. 2023లో కృష్ణవంశీ తీసిన 'రంగమార్తాండ'కు సంగీతం రాజా గారిదే. ఆ పాటలకు పందిరి దొరకలేదు, బస్సు దొరకలేదు. వాటి మీద తీర్పు చెప్పే హక్కు మా కుర్చీలకు ఇంకా రాలేదనే నా అభిప్రాయం. పదిసార్లు విన్నాక బాగాలేదంటే అప్పుడు మాట్లాడదాం. ఆయన చేసిన వేల పాటల్లో ఓ మోస్తరువి లేవని నేననను, పాతవాటిలోనూ బోలెడున్నాయి. వాటిని ఎవరూ జాబితాలో రాయించుకోలేదు కాబట్టి నోటుపుస్తకంలో లేవు, అంతే.

టికెట్లు దొరికాయి. చివరి గుంపులోనే. మేనకోడలికి, మామకు, నాకు. డబ్బు కట్టాక మధ్యలో ఏవో సేవల రుసుములని ఇంకొంత కోశారు, దేని సేవో రసీదులో రాయలేదు. అంతసేపూ అక్కర్లేదంటూ కూర్చున్న అన్న, కొట్టు షట్టరు దించుతూ, "ఇంకోటి ఉంటుందేమో చూడు తమ్ముడూ" అన్నాడు. అప్పటికి ఆ గుంపు అయిపోయింది, దాని పైదానికి అన్న ఒప్పుకోలేదు. తనకు వచ్చినదాన్ని అన్నకు ఇచ్చేస్తానని మామ, నాకు వద్దని అన్న, ఇద్దరూ తిలక్ రోడ్డు మలుపు దాకా తోసుకుంటూనే వెళ్లారు. ఏదైనా సరే, కచేరీ అయ్యేసరికి అర్ధరాత్రి కావస్తుంది, చెన్నై మాధవరం బస్టాండు నుంచి తిరుపతికి ఆఖరి బస్సు ఎప్పుడో మామ రేపు కనుక్కుని చెప్తానన్నాడు.

ఇంట్లో ధర చెప్పాను. మా ఆవిడ కాసేపు ఊరుకుని, "ఆ డబ్బుకు ఆయన మన వీధిలోకి వస్తారా?" అంది. మేనకోడలు ఆ వయొలిన్ ముక్క ఉన్న పాట ఫోనుకు పంపింది. రేపు ఆఫీసులో మధ్యాహ్నం పూట దాన్నే వేస్తాను, ఎల్లుండి కూడా. గుమాస్తాలు ఏమంటారో చూడాలి.