ఆబిడ్స్‌లో తెల్లవారుజామున భాగవతం

నాంపల్లి స్టేషన్‌లో దిగితే ఆబిడ్స్ ఇస్కాన్ గుడి దగ్గరే. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా దండం పెట్టుకుని వెళ్లేవాణ్ణి. అక్కడి బ్రహ్మచారులు రోజంతా ఏం చేస్తారో, ఏం చదువుతారో చూడాలని ఎప్పట్నుంచో కోరిక. ఈసారి సెలవు పెట్టి, తెలిసిన భక్తుడి ద్వారా అడిగించి, కొన్నాళ్లు వాళ్ల మధ్యే ఉన్నాను.

ఇస్కాన్ న్యూయార్క్‌లో 1966లో మొదలైతే, ఈ గుడి 1976 ఆగస్టులో తెరుచుకుంది. ఇస్కాన్ స్థాపకులు ప్రభుపాదులవారే స్వయంగా వచ్చారు. అప్పటికి ఆయనకి ఎనభై ఏళ్లు నిండబోతున్నాయి.

తెల్లవారుజామున నాలుగున్నరకి మంగళహారతి. ఆ వేళకి స్నానం, గోపీచందనం బొట్టు, పంచె అన్నీ అయిపోవాలి. మృదంగం, కరతాళాలు మొదలయ్యాక నిద్రమత్తు అన్నమాటే ఉండదు. తర్వాత తులసి ప్రదక్షిణ, ఆపైన జపం. జపమాల గుడ్డసంచిలో ఉంటుంది. పూసలు బొటనవేలు, మధ్యవేళ్ల మధ్య నడుస్తాయి. చూపుడువేలు మాలకి తగలకూడదు కాబట్టి దానికోసం సంచికి విడిగా కన్నం ఉంటుంది. 108 పూసలు అయ్యాక పెద్ద పూస వస్తుంది. దాన్ని దాటరు, మాలని వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెడతారు. రోజుకి 16 మాలలు, అంటే హరే కృష్ణ మహామంత్రం 1,728 సార్లు. అలవాటైనవాళ్లకే దాదాపు రెండు గంటలు పడుతుంది.

దర్శన హారతి, గురుపూజ అయ్యాక భాగవతం క్లాసు. నేను వెళ్లింది అసలు దీనికోసమే. రోజుకి ఒక్క శ్లోకం. ముందు ఒకరు చదువుతారు, అందరూ పలుకుతారు. తర్వాత వంతులవారీగా ఒక్కొక్కరూ చదవాలి. ఆపైన ప్రతిపదార్థం, తాత్పర్యం, ప్రభుపాదుల వ్యాఖ్య, చివర్లో ప్రశ్నలు. భాగవతం 18,000 శ్లోకాలంటారు. రోజుకొకటి చొప్పున 49 ఏళ్లు దాటుతుంది! గబగబా పూర్తిచేయాలన్న తొందర ఎవరిలోనూ కనపడలేదు. అది నాకు ఎంతగానో నచ్చింది.

నేనున్నప్పుడు ఏడో స్కంధం నడుస్తోంది. "నువ్వు చదివినదాంట్లో మంచిది ఒకటి చెప్పు" అని తండ్రి అడిగితే ప్రహ్లాదుడు తొమ్మిది రకాల భక్తి చెప్పే ఘట్టం. శ్లోకం అయ్యాక ఒక పెద్దాయన ఉండబట్టలేక పోతనగారి "తను హృద్భాషల సఖ్యమున్" పద్యం ఎత్తుకున్నారు. మాది జనగామ వైపు, పోతనగారి ఊరు బమ్మెర మాకు పక్కనే. మా నాయనమ్మ బియ్యం ఏరుతూ పాడిన పద్యం అది. ఒళ్లు జలదరించింది. శ్లోకంలో శ్రవణం ముందొస్తుంది, పోతనగారి పద్యంలో స్నేహం ముందొస్తుంది. దీనిమీద చర్చ సాగి సాగి ఆ రోజు టిఫిన్ ఆలస్యమైంది. ఎవరూ లేవలేదు.

వంటింట్లో కూరలు తరగడానికి నన్నూ కూర్చోబెట్టారు. ఉల్లి, వెల్లుల్లి ఉండవని తెలిసిందే. నాకు తెలియనిది, ఎవరూ ఉప్పు చూడరు! నైవేద్యం కాకుండా నాలుక మీద చుక్క వేసుకోరు. "మరి సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది?" అని వండే కుర్రాణ్ణి అడిగాను. "స్వామి తినకముందు మనం ఎట్లా తింటాం ప్రభూ? చేతికే అలవాటైపోతుంది" అన్నాడు. గంగాళంలో పెసరపప్పు కిచిడీ కలుపుతూనే పొద్దున్నే చదివిన శ్లోకాన్ని లోలోపల వల్లెవేసుకుంటున్నాడు. సాయంత్రం గీత పాఠంలో అప్పజెప్పమన్నా అతను తడుముకోడని అప్పుడే అనుకున్నాను.

వెళ్లేవాళ్లు దర్శనంతో సరిపెట్టుకోకండి. ఆ క్లాసులో ఒక్కరోజైనా కూర్చోండి. కొత్తవాళ్లకి పుస్తకం వాళ్లే చేతికిస్తారు. కార్తీకంలో అయితే దామోదర మాసమని నెలంతా సాయంత్రాలు వచ్చినవాళ్లందరిచేతా దీపహారతి ఇప్పిస్తారు. ఈ కార్తీకానికి మా అమ్మని తీసుకెళ్తున్నాను. ఆవిడకి పోతన పద్యాలు నాకన్నా బాగా వచ్చు.