మోటారు పీకేశాకే అసలు మజా

మ్యూజియంలో జనాన్ని గమనించారా, చాలా బొమ్మల ముందు ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు, అదే పైనుంచి వేలాడే మొబైల్ (ఫోన్ కాదు, కమ్మీలకి లోహపు రేకులు కట్టి వేలాడదీసిన కదిలే శిల్పం) ఉందనుకోండి, మెడ నొప్పెట్టేదాకా అలా తలెత్తి చూస్తూనే ఉంటారు. నేనూ ఆ బ్యాచే.

ఈ మొబైల్స్‌కి ఆద్యుడు శిల్పి అలెగ్జాండర్ కాల్డర్, చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. 1930లో పారిస్‌లో చిత్రకారుడు మాండ్రియన్ స్టూడియోకి వెళ్తే గోడ నిండా రంగు అట్టముక్కలు, ఇవి కదిలితే భలే ఉంటుంది కదా అన్నాడట ఈయన, అక్కర్లేదు నా పెయింటింగ్ ఇప్పటికే మంచి స్పీడు మీదుంది అన్నాడట ఆయన. (నా ఓటు ఇద్దరికీ.) ఆ తర్వాత కాల్డర్ క్రాంకులు (చేత్తో తిప్పే పిడులు), మోటార్లు పెట్టి కదిలే బొమ్మలు చేశాడు, 1931లో వాటికి మొబైల్ అని పేరు పెట్టింది ఇంకో కళాకారుడు మార్సెల్ డుషాంప్. కానీ మోటారుతో చిక్కేంటంటే మొదటి రౌండ్ ఎలా తిరిగిందో పదో రౌండూ అంతే, అందుకే కాల్డర్ మెల్లగా మోటార్లు వదిలేసి పని గాలికి అప్పజెప్పాడు.

ఇక్కడే నాకు పిచ్చెక్కేది. ఒక సన్న కమ్మీ, దానికి ఒక కొసన పెద్ద రేకు, రెండో కొసన ఇంకో కమ్మీ, దానికి మళ్ళీ చిన్న రేకులు, ఇలా కింద నుంచి కట్టుకుంటూ పైకి రావాలి, ఎందుకంటే కిందిదంతా కలిపి ఎంత బరువో తేలితేగానీ పై కమ్మీని ఎక్కడ పట్టి వేలాడదీయాలో తెలీదు. బరువైన రేకు ఆ వేలాడదీసే చోటికి దగ్గరగా, తేలికవి దూరంగా. ఒక్క రేకు మార్చారా, పైవన్నీ మళ్ళీ సరిచూసుకోవాల్సిందే. ఇంత లెక్కగా కట్టాక అది కదిలేది మాత్రం ఏ లెక్కకీ అందదు, పై కమ్మీ కదిలిన కాసేపటికి కిందది మేలుకుంటుంది, ఈలోపు పైది మనసు మార్చుకుని వెనక్కి తిరుగుతుంది, అవే నాలుగు రేకులు, మళ్ళీ మళ్ళీ కొత్త బొమ్మ.

వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో కాల్డర్ పోయాక 1977లో వేలాడదీసిన పెద్ద మొబైల్ ఉంది, బరువు 400 కిలోల పైమాటే, అదీ హాల్లో గాలికే తిరుగుతుంది!

మోటార్లంటే నాకు అస్సలు పడదని కాదు, జాన్ టింగ్లీ అనే శిల్పి 1960లో న్యూయార్క్‌లో తనని తానే పాడుచేసుకునే మెషీన్ పెట్టాడు, అరగంట తిరక్కుండానే మంటలొచ్చి ఫైర్‌మన్ ఆర్పాల్సొచ్చింది. అలాంటి మోటారైతే నాకు ఓకే.

నా కంప్లయింట్ ఒక్కటే, కొన్ని మ్యూజియాల్లో కిటికీలన్నీ మూసేసి గాలి ఆడనివ్వరు, పాపం ఆ మొబైల్ ఫోటోలో ఉన్నట్టే ఉంటుంది. పోనీ ఒకసారి ఊదుదామా అంటే సెక్యూరిటీ ఆయన మననే చూస్తుంటాడు.