మూడు సమ్మిక్రాన్లు, ఒక టార్చి

పొద్దున్నుంచీ టేబుల్ మీద మూడు లెన్సులు పరుచుకుని కూర్చున్నా, స్నానం కూడా పన్నెండింటికే. మూడూ జర్మన్ కెమెరా కంపెనీ లైకా వాళ్ల సమ్మిక్రాన్ 50 ఎమ్ఎమ్ ఎఫ్2లే, పేరొకటే గానీ మనుషులు వేరు. ఒకటి 1953లో మొదలైన కొలాప్సిబుల్, వాడనప్పుడు ట్యూబు తిప్పి లోపలికి నెట్టేయొచ్చు. రెండోది 1956 నాటి రిజిడ్ రకం, అంటే ట్యూబు లోపలికి పోదు. మూడోది 1969లో మార్చిన డిజైన్. ఫ్రెండ్ ఇచ్చి, వాడి చూసి ఒకటి ఉంచుకో మిగతావి పంపెయ్ అన్నాడు. గడువు రేపే.

మనసంతా కొలాప్సిబుల్ మీదే, దాచుకోవడమెందుకు. ఆ క్రోమ్ మెరుపు, ట్యూబు లాగి తిప్పితే లాక్ పడే తీరు, అబ్బా. కానీ వెనక నుంచి ఫోన్ టార్చి కొడితే లోపల అద్దం మీద ఊపిరి వదిలినట్టు తెల్లటి పొర. పాత గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకుంటుంది, దీన్నే హేజ్ అంటారు. శుభ్రం చేయించొచ్చు, కానీ ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే గాజునే తినేసి ఉండొచ్చు, విప్పేదాకా ఎవడికీ తెలీదు. ముందు అద్దం నిండా సన్నటి గీతలు కూడానూ, అప్పటి కోటింగ్ మెత్తన మరి, ఎవడో మహానుభావుడు చొక్కా అంచుతో తుడిచేసుంటాడు. అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాకి తగిలించి (డిజిటల్ బాడీ మీద ట్యూబు లోపలికి నెట్టకూడదు, లోపల తగిలే ప్రమాదం ఉంది) కిటికీ వైపు తీస్తే నలుపంతా బూడిదైపోయింది. కొందరికి అదే అందమట, నాకు మాత్రం కాదు.

ఇక రిజిడ్. బరువుంది, గాజు క్లీన్‌గా ఉంది, షార్ప్‌నెస్ కూడా బానే ఉంది, దీంతో తేల్చేద్దాం అనుకుని నా లైకా ఫిల్మ్ కెమెరా ఎమ్6కి పెట్టి ఎదురుగా పేపర్ చదువుకుంటున్న అమ్మని చూశా. ఫైండర్‌లో కళ్లజోడు రెండుగా కనిపిస్తోంది, ఆ రెండూ ఒకటైతేనే ఫోకస్ కుదిరినట్టు, ఫోకస్ రింగు తిప్పుతున్నా, రెండూ దగ్గరికొస్తున్నాయి, ఇంకొంచెం ఇంకొంచెం అంటుండగానే రింగు ఆగిపోయింది. 1 మీటరు కంటే దగ్గరికి రాదు. కొలాప్సిబుల్‌దీ ఇదే గోల. కుర్చీతో సహా వెనక్కి జరుగుతుంటే, "ఏంట్రా, పడతావ్!" అంది. ఈలోపు పేపర్ మడిచేసింది, ఫొటో పోయింది.

1969ది 0.7 మీటర్ల దాకా వస్తుంది. తేడా 30 సెంటీమీటర్లే, కానీ నేను తీసేవన్నీ ఆ 30లోనే ఉన్నాయని ఇవాళే తెలిసింది. చూడ్డానికి సాదాసీదా నల్ల లెన్సు, లోపల ఏడు గాజులకి బదులు ఆరే, పాత లెన్సుల పిచ్చోళ్లు దీని గురించి పెద్దగా పాటలు పాడరు. సాయంత్రం అమ్మ కళ్లజోడు తుడుచుకుంటుంటే కూర్చున్న చోటు నుంచే తీశా.

మిగతా రెండూ ప్యాక్ చేశా. కొలాప్సిబుల్ ట్యూబు ఓసారి లోపలికి నెట్టి, మళ్లీ బయటికి లాగి, మళ్లీ నెట్టి, అప్పుడు డబ్బాలో పెట్టా.